పోస్టు పాఠం నుంచి తెరపై తరగతి దాకా: తెలుగునాట విశ్వవిద్యాలయ విద్యార్థుల అభ్యాసవేదికల ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

విశ్వవిద్యాలయ విద్యార్థులు ఏ అభ్యాసవేదికను, ఏ తరగతి రూపాన్ని ఇష్టపడుతున్నారన్న ప్రశ్న 2020 తరువాత విద్యావిధాన చర్చల్లో ప్రముఖ స్థానం పొందింది. భారతదేశంలో ఈ ప్రశ్నకు ఆరు దశాబ్దాల పూర్వచరిత్ర ఉంది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రారంభించిన ఉత్తర ప్రత్యుత్తర కోర్సులు, 1982లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉపగ్రహ ప్రసారాలు, ఎన్‌పీటెల్, స్వయం, 2020 నాటి అత్యవసర ఆన్‌లైన్ తరగతులు ఆ చరిత్రలోని ప్రధాన ఘట్టాలు. తెలుగు ప్రాంతాల అనుభవాన్ని కేంద్రంగా చేసుకొని ఈ వ్యాసం వాటిని పరిశీలిస్తుంది. విద్యార్థుల ‘ఇష్టం’గా నమోదైనది చాలా సందర్భాల్లో వారికి ఉన్న ‘అందుబాటు’ మాత్రమేనని, మాధ్యమాలు మారినా వారి అవసరాలు రెండుగానే నిలిచాయని ప్రతిపాదిస్తుంది. వాటిలో ఒకటి తమకు వీలైన వేళ తిరిగి చూసుకోగల పాఠం. రెండవది సందేహం తీర్చే మనిషి.

కీలకపదాలు: దూరవిద్య, సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఆన్‌లైన్ తరగతులు, మిశ్రమ బోధన, స్వయం, ఎన్‌పీటెల్, అందుబాటు, ఎంపిక.

1. ఉపోద్ఘాతం

ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతి కావాలా, రికార్డు చేసిన పాఠం సరిపోతుందా, తరగతి గదిలో జరిగే బోధనే మేలా, లేక వీటి కలయిక అవసరమా అన్న ప్రశ్నలు 2020 నుంచి విద్యార్థులకిచ్చే ప్రశ్నావళుల్లో తరచుగా కనిపిస్తున్నాయి. వాటికి వచ్చిన సమాధానాలు శాతాలుగా మారుతాయి. ఆ శాతాలు విధాన చర్చలకు ఆధారాలవుతాయి. 2021 మే నెలలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) మిశ్రమ బోధనపై ఒక భావనాపత్రాన్ని చర్చకు విడుదల చేసింది. ప్రతి కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లోను, మిగిలిన భాగాన్ని తరగతి గదిలోను బోధించే వీలు కల్పించాలని అది ప్రతిపాదించింది. ఇటువంటి ప్రతిపాదనల నేపథ్యంలో విద్యార్థులు నిజంగా ఏమి కోరుతున్నారన్నది కేవలం పరిశోధనాంశంగా మిగలదు. ఎంతమంది అధ్యాపకులు అవసరం, ఏ కళాశాలకు ఏ వసతులు కావాలి, ఎవరి చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది అన్న అంశాలతో అది నేరుగా ముడిపడి ఉంటుంది.

ఎంపిక అన్న మాటకు అర్థం ఉండాలంటే ఎదుట ఒకటికంటే ఎక్కువ మార్గాలుండాలి. ఆ మార్గాలన్నీ ఎంచుకునేవారికి అందేవై ఉండాలి. ఈ రెండు షరతులూ నెరవేరని చోట వచ్చిన సమాధానం ఇష్టాన్ని కాక పరిస్థితిని తెలుపుతుంది. ఒకే ప్రశ్నావళిలో ఒకే గడిని గుర్తించిన ఇద్దరు విద్యార్థుల కారణాలు పూర్తిగా వేరు కావచ్చు. రికార్డు చేసిన పాఠాన్ని ఒకరు మళ్లీ మళ్లీ వినడానికి కోరవచ్చు. మరొకరు తమ ఊళ్లో ప్రత్యక్ష తరగతికి సిగ్నల్ చాలనందువల్ల కోరవచ్చు. ఈ తేడాను గుర్తించడానికి వర్తమాన సర్వేల కంటే చరిత్ర ఎక్కువగా తోడ్పడుతుంది. ఒక మాధ్యమం స్థానంలో మరొకటి వచ్చిన ప్రతి సందర్భంలోనూ విద్యార్థులు దేనిని నిలుపుకొన్నారో, దేనిని వదిలిపెట్టారో అందులో కనిపిస్తుంది.

2. ఉత్తరాల ద్వారా పాఠం

దూరం నుంచి పాఠం చెప్పే పద్ధతి అంతర్జాలంతో మొదలైనది కాదు. 1840లో ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ సంక్షిప్తలిపిని తపాలా ద్వారా నేర్పాడు. 1858లో లండన్ విశ్వవిద్యాలయం తన కళాశాలల్లో చదవని వారికి కూడా పరీక్షలు రాసి పట్టా పొందే అవకాశం కల్పించింది. భారతదేశంలో డి.ఎస్. కొఠారి అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం సిఫారసుల మేరకు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తర ప్రత్యుత్తర కోర్సులను ప్రారంభించింది. 1964–66 నాటి విద్యాకమిషన్‌కు కూడా కొఠారియే అధ్యక్షుడు. పనిచేస్తూ చదువుకోదలచిన వారికి ఈ మార్గాన్ని విస్తరించాలని ఆ కమిషన్ సూచించింది. తెలుగు ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఉత్తర ప్రత్యుత్తర కోర్సుల విభాగాన్ని నెలకొల్పింది.

ఈ కోర్సుల్లో తరగతి అంటే తపాలాలో వచ్చే అచ్చు పాఠం. విద్యార్థి దానిని చదివి, అడిగిన ప్రశ్నలకు జవాబులు రాసి పంపితే, అధ్యాపకుడు దిద్ది తిరిగి పంపేవాడు. ఏడాదిలో కొన్ని రోజులు సంపర్క తరగతులు జరిగేవి. ఈ పద్ధతికి రెండు లక్షణాలున్నాయి. మొదటిది, పాఠం విద్యార్థి వద్ద నిలిచి ఉంటుంది. పగలు కార్యాలయంలోనో, పాఠశాలలోనో, పొలంలోనో పనిచేసే మనిషి రాత్రివేళ దానిని తెరవగలడు. రెండవది, ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వస్తుంది. సందేహం కలిగిన నాటికి, అది తీరే నాటికి మధ్య వారాలు గడవవచ్చు. సంపర్క తరగతుల అవసరం ఈ రెండవ లక్షణం నుంచే పుట్టింది.

స్వీడన్‌కు చెందిన విద్యావేత్త బోర్యె హోల్మ్‌బెర్గ్ దూరవిద్యాపాఠం ఒక సంభాషణలా సాగాలని ప్రతిపాదించాడు. అమెరికాకు చెందిన మైఖేల్ మూర్ దూరం అన్నది మైళ్లకు సంబంధించినది కాదని, బోధకునికీ అభ్యాసకునికీ మధ్య సంభాషణ ఎంత తగ్గితే దూరం అంత పెరుగుతుందని వివరించాడు. ఈ దృష్టితో చూస్తే వందమంది కూర్చున్న తరగతి గదిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేని విద్యార్థి బోధనకు దూరంగానే ఉన్నట్లు. జవాబుపత్రం అంచున అధ్యాపకుడు రాసిన రెండు వాక్యాలు చదివిన విద్యార్థికి ఆ దూరం కొంత తగ్గినట్లు. తరువాతి కాలపు మాధ్యమాలన్నింటినీ అంచనా వేయడానికి ఈ కొలమానం ఉపకరిస్తుంది.

3. సార్వత్రిక విశ్వవిద్యాలయం: అచ్చుపుస్తకం, ఆదివారం తరగతి

బ్రిటన్‌లో 1969లో రాజశాసనం పొందిన సార్వత్రిక విశ్వవిద్యాలయం 1971 జనవరిలో బోధన ప్రారంభించింది. అచ్చు పాఠాలతోపాటు బీబీసీ రేడియో, టెలివిజన్ ప్రసారాలను అది వినియోగించుకుంది. ప్రపంచమంతటా ఆసక్తి రేపిన ఆ నమూనా భారతదేశంలో తొలిసారి రూపుదాల్చింది తెలుగునేలమీదనే. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో 1982 ఆగస్టులో శాసనసభ చేసిన చట్టం ద్వారా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని తొలి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఏర్పడినప్పుడు ఆ సంస్థకు కూడా ఆయనే తొలి ఉపకులపతి అయ్యాడు. హైదరాబాదు అనుభవం జాతీయ స్థాయికి చేరిన మార్గాలలో ఇది ముఖ్యమైనది. 1991లో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఈ విశ్వవిద్యాలయం ప్రవేశ నిబంధనలను సడలించింది. ఇంటర్మీడియట్ చదవనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. బోధనలో అచ్చుపుస్తకం ప్రధానమైనది. రేడియో, దూరదర్శన్ పాఠాలు దానికి తోడుగా ఉండేవి. అప్పటికే నడుస్తున్న డిగ్రీ కళాశాలల్లో అధ్యయన కేంద్రాలను ఏర్పాటు చేసి, సెలవు రోజుల్లో, ముఖ్యంగా ఆదివారాల్లో, కౌన్సెలింగ్ తరగతులు నిర్వహించారు. అంటే ఇంటివద్ద చదువు, ప్రసార పాఠం, ముఖాముఖి తరగతి మూడూ ఒకే కోర్సులో భాగాలు. ఇటీవల కొత్త భావనగా చర్చకు వచ్చిన మిశ్రమ బోధన తెలుగు విద్యార్థులకు 1980 దశకంలోనే అనుభవంలో ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతుంది.

పాఠం తెలుగులో ఉండటం మరొక ముఖ్యాంశం. ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు సిద్ధం చేసే లక్ష్యంతో 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ పనిని మరో దిశలో కొనసాగించింది. దాని పాఠాలు అధ్యాపకుడు ఎదుట లేడన్న ఎరుకతో రాసినవి. పాఠం మొదట లక్ష్యాలు, మధ్యమధ్య స్వయంపరీక్షకు ప్రశ్నలు, చివర సారాంశం ఉంటాయి. ఈ పుస్తకాలను ఆ విశ్వవిద్యాలయంలో నమోదైన వారే కాక రెగ్యులర్ కళాశాలల విద్యార్థులు, పోటీపరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులు కూడా కొని చదవడం తెలుగునాట సుపరిచితమైన విషయం. ఏ సర్వే అడగకుండానే విద్యార్థులు తెలిపిన ఎంపిక ఇది. చేరవలసిన నిర్బంధం లేనివారు కూడా ఒక పాఠాన్ని వెతికి తెచ్చుకున్నారంటే, వారి భాషలో ఉండటం, ఒంటరిగా చదివినా అర్థమవడం, అవసరమైనప్పుడు చేతికందడం అన్న గుణాలు దానికి ఉన్నాయని భావించవచ్చు.

4. ఆకాశమార్గాన పాఠం

అచ్చు పాఠానికి సమాంతరంగా ప్రసార మాధ్యమాల చరిత్ర సాగింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) జరిగింది. ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ ప్రయోగం విశ్వవిద్యాలయాలకు ఉద్దేశించినది కాదు. పగలు పాఠశాల పిల్లలకు, సాయంత్రం గ్రామస్థులకు కార్యక్రమాలుండేవి. అయితే పాఠాన్ని ఉపగ్రహం ద్వారా ఒకేసారి వేల ఊళ్లకు పంపవచ్చునన్న విశ్వాసాన్ని అది కలిగించింది.

ఆ విశ్వాసం ఉన్నత విద్యలో 1984 ఆగస్టు 15న కార్యరూపం దాల్చింది. యూజీసీ ఆధ్వర్యంలో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ పేరుతో దూరదర్శన్‌లో పాఠాల ప్రసారం మొదలైంది. వాటి రూపకల్పనకు ఏర్పడిన కేంద్రాలు హైదరాబాదులోనూ పనిచేశాయి. 2000 జనవరి 26న జ్ఞానదర్శన్ చానల్ ప్రారంభమైంది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎడ్యుశాట్, విద్యాసేవలకే ప్రత్యేకించిన తొలి భారతీయ ఉపగ్రహం. దాని సహాయంతో స్టూడియోలో ఉన్న అధ్యాపకుడు దూరకేంద్రాల్లోని విద్యార్థుల ప్రశ్నలు విని జవాబు చెప్పే ఏర్పాటు కూడా సాధ్యమైంది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ, 2017 నుంచి తెలంగాణలో టీ-శాట్ చానళ్లు ఇదే పరంపరకు చెందినవి.

ఈ ప్రసారాల పరిమితులు వాటి స్వభావంలోనే ఉన్నాయి. పాఠం నిర్ణీత వేళకు వస్తుంది. ఆ వేళకు కళాశాలలో వేరే తరగతి ఉన్నా, ఊళ్లో కరెంటు లేకపోయినా అది తిరిగి రాదు. జాతీయ ప్రసారాల్లో ప్రధాన భాష ఇంగ్లీషు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివే విద్యార్థికి అది పాఠం కంటే పరిచయ కార్యక్రమంగానే ఉపయోగపడింది. పాఠ్యప్రణాళికతో నేరుగా సంబంధం లేని అంశాలు ఎక్కువగా ఉండటం మరో పరిమితి. ప్రసారం వేలమందికి ఒకేసారి చేరగలిగినా, విద్యార్థి చేతిలో నిలిచే గుణం విషయంలో అచ్చుపుస్తకానికి సాటిరాలేకపోయింది. ఎడ్యుశాట్ ప్రవేశపెట్టిన పరస్పర సంభాషణ, సందేహం తీర్చే మనిషి లోటును పూరించే ప్రయత్నం. కాని దానికోసం విద్యార్థి మళ్లీ ఒక కేంద్రానికి, ఒక నిర్ణీత వేళకు చేరుకోవలసి వచ్చింది.

5. అంతర్జాలం: నిలిచిన పాఠం, పూర్తికాని కోర్సు

ప్రసారానికి లేని నిలకడను అంతర్జాలం సమకూర్చింది. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ కార్యక్రమం ఇంజినీరింగు, విజ్ఞానశాస్త్ర పాఠాలను ఉచితంగా అందించింది. దాని తొలిదశలో కోర్సులు రెండు రూపాల్లో వెలువడ్డాయి. ఒకటి వీడియో ఉపన్యాసం; రెండవది తెరపై చదువుకోవలసిన లిఖిత పాఠం. వీడియోలు యూట్యూబ్‌లో చేరిన తరువాత మారుమూల కళాశాల విద్యార్థి కూడా ఐఐటీ ఆచార్యుని ఉపన్యాసాన్ని మధ్యలో ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ వినగలిగాడు. తరువాతి దశల్లో కొన్ని కోర్సుల లిఖిత ప్రతులను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి అనువదించే ప్రయత్నం కూడా జరిగింది.

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు కృత్రిమ మేధపై నిర్వహించిన ఆన్‌లైన్ కోర్సులో సుమారు 1,60,000 మంది నమోదయ్యారు. పూర్తిచేసినవారు దాదాపు 23,000 మంది. 2012లో కోర్సెరా, ఎడెక్స్ వేదికలు ఆరంభమయ్యాయి. బృహత్ సార్వత్రిక ఆన్‌లైన్ కోర్సులుగా (మూక్స్) ప్రసిద్ధికెక్కిన వీటిలో చేరినవారి సంఖ్య లక్షల్లో ఉండగా, పూర్తిచేసేవారు సాధారణంగా పదిశాతం లోపే ఉండటం పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది. ఉచితంగా, ఎప్పుడంటే అప్పుడు లభించే పాఠాన్ని మొదలుపెట్టినవారు ఎందుకు వదిలేస్తున్నారు? కుతూహలం కొద్దీ చేరినవారు కొందరు. తమకు కావలసిన ఒకటి రెండు పాఠాలు విని సరిపెట్టుకున్నవారు మరికొందరు. వీరుపోగా, అడిగేవారు, జవాబు చెప్పేవారు లేక ఆగిపోయినవారి సమస్య మిగిలే ఉంటుంది.

2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన స్వయం వేదిక నిర్మాణంలో ఈ అనుభవం ప్రతిఫలించింది. ప్రతి కోర్సులో వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చావేదిక, స్వయం మూల్యాంకనం అనే నాలుగు విభాగాలుండాలని నిర్దేశించారు. చదువుకునే సామగ్రిలో తపాలా పాఠం, వీడియోలో ప్రసార పాఠం, చర్చావేదికలో ఆదివారం తరగతి, మూల్యాంకనంలో దిద్ది పంపిన జవాబుపత్రం కొత్త రూపంలో కనిపిస్తాయి. 2016 నాటి యూజీసీ నిబంధనలు ఈ వేదికద్వారా 20 శాతం వరకు క్రెడిట్లు సంపాదించడానికి అనుమతించగా, 2021లో ఆ పరిమితిని 40 శాతానికి పెంచారు. అప్పటినుంచి విద్యార్థుల ఎంపికలో ఆసక్తితోపాటు క్రెడిట్ల అవసరం కూడా ఒక కారణమైంది. స్వయంలో నమోదు సంఖ్యలను విద్యార్థుల ఇష్టానికి సూచికగా వాడే పరిశోధకులు ఈ మార్పును గమనించవలసి ఉంటుంది.

6. 2020: ఎంపిక లేని ఎంపిక

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత మొబైల్ డేటా ధరలు వేగంగా పడిపోయాయి. స్మార్ట్‌ఫోన్ విద్యార్థుల చేతుల్లోకి వచ్చింది. అయినా 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలో కంప్యూటరు ఉన్న కుటుంబాలు 10.7 శాతం; అంతర్జాల సౌకర్యం ఉన్నవి 23.8 శాతం. గ్రామాల్లో ఈ సంఖ్యలు వరుసగా 4.4, 14.9 శాతాలు మాత్రమే. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చేనాటికి విశ్వవిద్యాలయాలు మూతపడి, వసతిగృహాల విద్యార్థులు సొంత ఊళ్లకు చేరుకున్నారు. కొద్ది వారాల్లోనే జూమ్, గూగుల్ మీట్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, గూగుల్ క్లాస్‌రూమ్, యూట్యూబ్, వాట్సాప్ బోధన సాధనాలయ్యాయి. జూమ్ సురక్షితమైన వేదిక కాదని కేంద్ర హోంశాఖ 2020 ఏప్రిల్‌లో హెచ్చరిక జారీ చేసింది. అందుచేత వేదికల మధ్య ఎంపిక భద్రతా ప్రశ్నగా కూడా మారింది.

ఈ దశకు సంబంధించి హైదరాబాదు విశ్వవిద్యాలయం 2020లో తన విద్యార్థులలో దాదాపు 2,500 మంది నుంచి సేకరించిన సమాచారం చరిత్రకారులకు విలువైన ఆధారం. వారిలో 90 శాతం మందికి మొబైల్ ఫోన్ ఉంది. ఆన్‌లైన్ తరగతులను అందుకోగలమన్నవారు 37 శాతం మాత్రమే. 45 శాతం మందికి అంతర్జాలం నిలకడగా లేదు. 18 శాతం మందికి అసలు లేదు. నమ్మదగని కనెక్టివిటీని దాదాపు 40 శాతం, డేటా ఖర్చును 30 శాతం, కరెంటు సరఫరాను 10 శాతం మంది ఆటంకాలుగా పేర్కొన్నారు. ఫోన్ ఉండటానికీ తరగతి అందడానికీ మధ్య ఎంత అంతరం ఉందో ఈ అంకెలు చెబుతాయి. ప్రవేశపరీక్ష ద్వారా దేశం నలుమూలల నుంచి విద్యార్థులను చేర్చుకునే కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే పరిస్థితి ఇలా ఉన్నదన్నది గమనార్హం.

ఆ కాలంలో తరగతి రూపాల మధ్య తేడాకు సాంకేతిక కారణాలు స్పష్టమైనవి. ప్రత్యక్ష వీడియో తరగతికి గంటపాటు తెగని సిగ్నల్ కావాలి. రికార్డు చేసిన వీడియోను సిగ్నల్ దొరికిన వేళ దింపుకొని తరువాత చూడవచ్చు. ఆడియో పాఠానికి డేటా చాలా తక్కువ చాలు. లిఖిత ప్రతికి ఇంకా తక్కువ. కెమెరా ఆపివేసి తరగతిలో ఉన్న విద్యార్థి అశ్రద్ధగా ఉన్నట్లు భావించడం సులభం. డేటా పొదుపు చేయడానికో, ఒకే గదిలో కుటుంబమంతా ఉన్నందువల్లనో కెమెరా ఆపివేసి ఉండవచ్చు. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, దానిని తమ్ముడో చెల్లెలో కూడా వాడుకోవలసి వస్తే, ప్రత్యక్ష తరగతి వేళను విద్యార్థి కాక ఇంటి పరిస్థితి నిర్ణయిస్తుంది. ఇటువంటి చోట వాట్సాప్‌లో వచ్చిన నోట్సును ‘ఇష్టపడటం’ అంటే 1972 నాటి అచ్చు పాఠం నెరవేర్చిన అవసరాన్నే మరో సాధనంతో తీర్చుకోవడం.

దీనికి మరోపక్క కూడా ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేవారికి, ఇంటి బాధ్యతలున్న మహిళలకు, కదలికలో ఇబ్బంది ఉన్న దివ్యాంగులకు ఆన్‌లైన్ రూపం నిజమైన వెసులుబాటు. వీరిలో చాలామందికి తరగతి గది మొదటినుంచీ అందనిదే. సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది ఇటువంటివారి కోసమే. కనుక ఆన్‌లైన్ బోధనను మొత్తంగా నిరాకరించడం చరిత్రకు విరుద్ధం. తరగతి గది అందుబాటులో ఉన్నవారికి దానిని తగ్గించడానికి, అందనివారి వెసులుబాటును సాకుగా చూపడం కూడా అంతే అసంగతం.

7. ఇష్టాన్ని కొలిచే పద్ధతి

విద్యార్థుల ఎంపికలపై జరిగే అధ్యయనాల్లో మూడు పద్ధతి సమస్యలు కనిపిస్తాయి. మొదటిది నమూనాకు సంబంధించినది. ఆన్‌లైన్ ప్రశ్నావళిని నింపగలిగేది ఆన్‌లైన్‌లో ఉన్నవారే. అంతర్జాలం అందని విద్యార్థి అభిప్రాయం అటువంటి సర్వేలో తక్కువగా నమోదవుతుంది, లేదా నమోదే కాదు. ఫలితంగా ఆన్‌లైన్ విద్యపట్ల సానుకూలత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది.

రెండవది, ఇష్టానికీ అభ్యసనానికీ ఉన్న తేడా. 2019లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన ఒక అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. చక్కగా సాగిన ఉపన్యాసం విన్న విద్యార్థులు తాము ఎక్కువ నేర్చుకున్నామని భావించారు. తామే సమస్యలు సాధిస్తూ నేర్చుకున్న తరగతిలోనివారు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్షలో మాత్రం రెండవ పద్ధతిలో చదివినవారే మెరుగైన ఫలితాలు సాధించారు. హాయిగా అనిపించిన తరగతి రూపమే ఎక్కువ నేర్పిందని చెప్పలేమని దీనివల్ల తేలుతుంది.

మూడవది, పోలికకు సంబంధించినది. అమెరికా విద్యాశాఖ 2010లో వెలువరించిన సమీక్షలో ముఖాముఖి బోధన కంటే మిశ్రమ బోధన సగటున కొంత మెరుగైన ఫలితాలిచ్చినట్లు తేలింది. కాని ఆ తరగతుల్లో విద్యార్థులకు అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా లభించాయని, మెరుగుదలకు మాధ్యమమే కారణమని భావించరాదని సమీక్షకులే హెచ్చరించారు. అదనంగా ఇచ్చినప్పుడు వచ్చిన ఫలితాన్ని, ఉన్నదానిలోంచి తగ్గించి ఆన్‌లైన్‌కు మళ్లించడానికి ఆధారంగా వాడటం తర్కానికి నిలవదు.

ఈ కారణాలచేత ‘మీకు ఏ వేదిక ఇష్టం?’ అన్న ఒక్క ప్రశ్న చాలదు. పరికరం సొంతమా, ఇంట్లో అందరిదా. పాఠం ఏ వేళ చూస్తారు. డేటా ఖర్చు ఎవరు భరిస్తారు. పాఠం ఏ భాషలో ఉంది. సందేహం కలిగితే ఎవరిని అడుగుతారు. తాము ఎంచుకోని రూపం నిజంగా అందుబాటులో ఉన్నదా అన్న ప్రశ్నలు కూడా ఉండాలి. పాత కాలానికి సంబంధించి సంపర్క తరగతుల కాలపట్టికలు, హాజరు పట్టికలు, రేడియో పాఠాల క్యాసెట్లు, దిద్దిన జవాబుపత్రాలు, పాఠ్యపుస్తకాల తొలి ముద్రణలు ఈ చరిత్రకు మూలాధారాలు. 2020–21 నాటి తరగతుల రికార్డింగులు, వాట్సాప్ సమూహాల్లో పంచుకున్న నోట్సు, విభాగాలు జరిపిన సర్వేల అసలు ప్రశ్నావళులు కూడా అటువంటివే. వీటిని భద్రపరచడం విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చేపట్టవలసిన పని.

8. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. తెలుగు ప్రాంతాల్లో తరగతి గది బయటి విశ్వవిద్యాలయ బోధనకు 1972 నుంచి, మిశ్రమ బోధనకు 1980 దశకం నుంచి చరిత్ర ఉంది. 2020 నాటి మార్పును ఈ పరంపరలో భాగంగా అధ్యయనం చేయాలి.

2. అచ్చు పాఠం, రికార్డు వీడియో, వాట్సాప్ నోట్సు భిన్నకాలాలకు చెందినవైనా ఒకే అవసరాన్ని తీర్చాయి. విద్యార్థి తనకు వీలైన వేళ తెరిచి, ఆగి, తిరిగి చూసుకోగలగడమే ఆ అవసరం.

3. సంపర్క తరగతి, ఆదివారం కౌన్సెలింగ్, ఎడ్యుశాట్ సంభాషణ, స్వయం చర్చావేదిక మరో అవసరానికి సమాధానాలు. సందేహం తీర్చే మనిషి లేని వేదికలో చేరినవారు ఎందరైనా, చివరిదాకా నిలిచేవారు తక్కువ.

4. ప్రత్యక్ష ప్రసారం ఈ రెండింటిలో ఏ ఒక్కదానినీ తనంతట తాను హామీ ఇవ్వదు. సంభాషణకు చోటు లేని ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతి, 1984 నాటి దూరదర్శన్ పాఠంలాగే వేళ తప్పితే చేజారే ప్రసారంగా మిగులుతుంది.

5. అందుబాటును నమోదు చేయని సర్వేలో ఇష్టం అన్న మాటకు నిలకడైన అర్థం ఉండదు. అటువంటి సర్వేల ఆధారంగా తరగతి గది వాటాను నిర్ణయించడం సముచితం కాదు.

2020 జులైలో వెలువడిన జాతీయ విద్యావిధానం ఆన్‌లైన్ విద్యకు ప్రత్యేక అధ్యాయం కేటాయిస్తూ, డిజిటల్ అంతరాన్ని తొలగించినప్పుడే దాని ప్రయోజనాలు అందుతాయని అంగీకరించింది. ఆ అంతరం తొలగిందో లేదో తెలుసుకోవడానికి విద్యార్థుల ఎంపిక ఒక సూచిక కాగలదు. ఒకే తరగతిలోని సంపన్న, పేద విద్యార్థులు, నగర, గ్రామీణ విద్యార్థులు అన్ని రూపాలూ సమానంగా అందిన తరువాత చేసుకునే ఎంపికను మాత్రమే ఇష్టంగా పరిగణించగలం. అప్పటివరకు సర్వేల్లో నమోదయ్యే శాతాలను విద్యార్థుల అభిరుచికి కాక, వారికి విశ్వవిద్యాలయం ఎంతవరకు చేరువైందన్న దానికి కొలతగా చదవవలసి ఉంటుంది.